కూలలేదు సరే, మర్నాడు తాళం తీయగలమా?

(క్రైస్ట్‌చర్చ్ నగర కేంద్రం పునర్నిర్మాణం మీద విజయవాడలో చేసిన ప్రసంగం. ఆరోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరగా పెట్టుకుంటాను.

నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను, పటమట వైపు. చదువూ ఇక్కడే. తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరుగా న్యూజిలాండ్ వెళ్ళి 2012 నుంచి క్రైస్ట్‌చర్చ్‌లో పని చేస్తున్నాను. ఒక ముక్క ముందే చెప్పేస్తాను. భూకంపం వచ్చిన రోజు నేను అక్కడ లేను. నేను దిగేటప్పటికి ఏడాది దాటింది. కాబట్టి నేను కళ్ళారా చూసింది ఆ తర్వాత జరిగినదే, ఈరోజు మాట్లాడాలనుకున్నది కూడా ఆ తర్వాత సంగతే. భూకంపం కొన్ని సెకన్లు ఉంటుంది. దాని తర్వాతి రోజు మాత్రం పదేళ్ళు, పదిహేనేళ్ళు సాగుతుంది, అది నేను అక్కడ చూశాను.

ఆ ఊరు ఎలాంటిదో రెండు మాటల్లో చెబుతాను. న్యూజిలాండ్‌లో రెండు పెద్ద దీవులు, కింద ఉన్న దక్షిణ దీవిలో పెద్ద ఊరు క్రైస్ట్‌చర్చ్. అప్పటికి నాలుగు లక్షలకు కాస్త తక్కువ జనం. మన బెజవాడతో పోలిస్తే చిన్నదే. సముద్రానికి దగ్గరగా చదునైన నేల, మధ్యలోంచి ఏవాన్ అనే చిన్న నది, అక్కడి మూలవాసులు మావోరీలు దాన్ని ఒటాకరో అంటారు. నాలుగు పెద్ద రోడ్ల మధ్య ఊరి నడిబొడ్డు, నట్టనడుమ రాతి కెథడ్రల్, దాని ముందు చౌరస్తా. కింద నేల ఏమిటంటారా? నది తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు, చిత్తడి, కొన్ని మీటర్లు తవ్వితే నీళ్ళు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

2010 సెప్టెంబర్ 4 తెల్లవారుజామున 4:35కి భూకంపం వచ్చింది. తీవ్రత 7.1. ఊరికి నలభై కిలోమీటర్ల పడమట, పొలాల్లో. అంత పెద్దది వచ్చినా ఏ గోడా మీద పడి ఎవరూ చనిపోలేదు. జనం పక్కల్లో ఉన్నారు, రోడ్లు ఖాళీ. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఇన్‌స్పెక్టర్లు తిరిగి భవనాలకు రంగు కాగితాలు అంటించారు. ఆకుపచ్చ అంటే లోపలికి వెళ్ళొచ్చు, పసుపు అంటే పరిమితంగా, ఎరుపు అంటే వద్దు. పెద్దది వచ్చి పోయింది, గండం గడిచింది అనుకున్నారు. మనమైనా అలాగే అనుకుంటాం కదా?

2011 ఫిబ్రవరి 22, మంగళవారం, మధ్యాహ్నం 12:51. భోజనాల వేళ. ఈసారి తీవ్రత తక్కువే, 6.3 అన్నారు. కానీ ఎక్కడ? ఊరికి పది కిలోమీటర్లలో, లిటిల్టన్ రేవు పక్కన కొండల కింద, అయిదు కిలోమీటర్ల లోతులోనే. విద్యార్థులు ఉన్నారు కాబట్టి నొక్కి చెబుతున్నాను, తీవ్రత అంకె ఒక్కటే చూసి భయపడటమో ధైర్యపడటమో చెయ్యకండి. ఎంత దూరంలో, ఎంత లోతులో, మీ కాళ్ళ కింద ఏ నేల, ఈ మూడూ చూడాలి. ఆ కొండల పక్క పల్లపు ప్రాంతంలో నేల పైకి కిందకీ కదిలిన వేగవృద్ధి గురుత్వాకర్షణకు రెండింతలు దాటింది. రెండింతలు! అంటే మనుషులూ వస్తువులూ గాల్లోకి లేచి పడతాయి.

185 మంది చనిపోయారు.

ఇప్పుడు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఇంతమంది ఎక్కడ చనిపోయారు అనుకుంటున్నారు? పెద్ద పెద్ద టవర్లు కూలి, అనుకుంటున్నారు కదా? నేను ఈ సంగతి ఎక్కడ చెప్పినా అందరూ అదే అంటారు. కాదు. ఆ ఊళ్ళో ఇరవై అంతస్తులు దాటినవి ఉన్నాయి, ఒక్కటీ కూలలేదు. 115 మంది చనిపోయింది ఒకే ఒక్క ఆరంతస్తుల భవనంలో. దాన్ని సీటీవీ బిల్డింగ్ అంటారు, అందులో లోకల్ టీవీ స్టేషన్ ఉండేది. పై అంతస్తుల్లో ఒక క్లినిక్, ఇంగ్లిష్ నేర్పే ఒక స్కూలు. జపాన్, చైనా, ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ నుంచి ఇంగ్లిష్ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళు, నర్సులు ఆ క్లాసుల్లో ఉన్నారు. మన పిల్లలు వెళ్ళినట్టే వెళ్ళినవాళ్ళు. స్లాబు మీద స్లాబు పడి, తర్వాత మంటలు. ఇంకో 18 మంది 1960ల నాటి అయిదంతస్తుల భవనంలో. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది పాత ఇటుక కట్టడాల ముందు గోడలు రోడ్డు మీద పడి పోయారు.

సీటీవీ బిల్డింగ్ పాతదేం కాదు. 1986లో డిజైన్ చేసింది. సెప్టెంబర్ తర్వాత దానికి ఆకుపచ్చ కాగితం అంటించారు. తర్వాత ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ విచారించి, ఆ డిజైన్‌లో లోపాలున్నాయి, దానికి అసలు అనుమతే ఇచ్చి ఉండకూడదు అని తేల్చింది. పిల్లర్లకు తగినంత సాగే గుణం లేదు, పిల్లరూ బీమూ కలిసే చోటు బలహీనం. ఇక్కడున్న పిల్లలకు చెబుతున్నాను, పిల్లర్‌లో రింగులు ఎంత దూరానికి కట్టాలి అన్న లెక్క పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలా కనిపిస్తుంది. ఆ రెండు మార్కుల వెనక 115 కుర్చీలు ఉన్నాయి. కుర్చీలు అని ఎందుకన్నానంటే, అక్కడ ఒక కళాకారుడు ఖాళీ స్థలంలో 185 కుర్చీలు పెట్టాడు. అన్నిటికీ తెల్ల రంగు. భోజనాల బల్ల దగ్గరిది, ఆఫీసుది, వాలుకుర్చీ, చక్రాల కుర్చీ, చంటిపిల్లల సీటు కూడా. నేను మొదటిసారి అటుగా నడుస్తూ ఆ చంటిపిల్లల సీటు దగ్గర ఆగిపోయాను.

సరే, టవర్ల సంగతికి వద్దాం.

టవర్లు కూలలేదు అన్నాను. మరి ఇప్పుడు వెళ్ళి చూస్తే ఆ టవర్లు ఉన్నాయా? చాలావరకు లేవు. కూలనివాటిని కూల్చేశారు. నడిబొడ్డులో వెయ్యికి పైగా భవనాలు పడగొట్టారు. మూడంతస్తులు, ఆపైన ఉన్న కాంక్రీటు భవనాల్లో దాదాపు 60 శాతం పోయాయి. కూలినవి రెండో మూడో, కూల్చినవి మాత్రం వీధులకు వీధులు. ఇది ఎలా జరిగింది? ఇంజనీర్లందరూ తప్పు చేశారా?

లేదు. చాలామంది పుస్తకంలో ఉన్నట్టే చేశారు, అసలు చిక్కు అక్కడే ఉంది. కోడ్ ప్రకారం, అంటే భవనాలు కట్టే నిబంధనల ప్రకారం కట్టిన భవనం మీకు ఏమని మాటిస్తుంది? పెద్ద భూకంపం వస్తే మీ మీద కూలను, మీరు ప్రాణాలతో బయటికి వెళ్ళండి అని. అంతే. మర్నాడు తిరిగి రండి, ఆఫీసు తెరుచుకోండి అని చెప్పదు. ఈ రెండో మాట ఎవరూ ఇవ్వలేదు. కానీ కొనుక్కున్నవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు, బ్యాంకులు, ఊరు ఊరంతా ఆ రెండో మాట కూడా ఇచ్చారనే అనుకున్నారు.

ఎలాగో చెబుతాను. సైటు మీద పనిచేసినవాళ్ళు ఉన్నారు కదా ఇక్కడ? బైండింగ్ వైరు చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచండి. మొదటిసారి వంగుతుంది, రెండోసారి వంగుతుంది, పదోసారి పుటుక్కుమంటుంది. డక్టిలిటీ అని క్లాసులో చెప్పేది ఇదే. భూకంపం శక్తిని భవనం తన ఒంట్లోని ఇనుమును వంచుకుని మింగుతుంది. కాబట్టి కూలదు. అయితే ఆ ఇనుము ఎన్నిసార్లు వంగింది, ఇంకా ఎన్నిసార్లు వంగగలదు? పిల్లర్ లోపల, కాంక్రీటు లోపల ఉన్న చువ్వను చూసి ఎలా చెబుతారు? బయటికి చిన్న పగులే కనిపిస్తుంది. నేను వెళ్ళిన కొత్తలో నా పని అదే, హెల్మెట్ పెట్టుకుని, టార్చిలైటు పట్టుకుని, కరెంటు లేని భవనాల్లో అంతస్తు తర్వాత అంతస్తు ఎక్కి పగుళ్ళు కొలవడం. ఇది మళ్ళీ పనికొస్తుందా అని యజమాని అడుగుతాడు, ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతారు. సంతకం పెట్టాలంటే చెయ్యి వణికేది. ఎందుకంటే సెప్టెంబర్లో ఆకుపచ్చ కాగితం అంటించిన చెయ్యి కూడా మా లాంటి వాడిదే.

పైగా 2011 మేలో ఆ ప్రాంతానికి కోడ్‌లో భూకంప ప్రమాద గుణకాన్ని 0.22 నుంచి 0.3కి పెంచారు. అంటే నిన్నటిదాకా సరిపోయిన భవనం ఇవాళ లెక్కలో చాలదు. కింద నేల మెత్తబడి కొన్ని భవనాలు ఒక పక్కకు ఒరిగాయి. బాగు చెయ్యాలంటే ఎంతవుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. చాలావాటికి పూర్తి బీమా ఉంది, కాబట్టి యజమానికి బాగు చేయించుకోవడం కన్నా డబ్బు తీసుకుని పడగొట్టించడం తేలిక. వాళ్ళను నేను తప్పు పట్టను. ఒక్కొక్కరి లెక్క ఒక్కొక్కరికి సరైనదే. కానీ అందరి లెక్కలూ కలిపితే ఊరు ఖాళీ అయింది.

రెండు టవర్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఒకటి గ్రాండ్ చాన్సలర్ హోటల్, 26 అంతస్తులు. కింది భాగంలో ఒక షియర్ వాల్, అంటే పక్క ఊపును తట్టుకోవాల్సిన కాంక్రీటు గోడ, నలిగిపోయింది. దాంతో ఆ మూల దాదాపు ముప్పాతిక మీటరు కిందికి దిగి, పైన మీటరుకు పైగా పక్కకు ఒరిగి, అలాగే నిలబడింది. లోపల మెట్లు ఊడి పడ్డాయి. కూలుతుందేమోనని చుట్టుపక్కల వీధులన్నీ ఖాళీ చేయించారు. అది చివరికి కూలలేదు. మరి నిలబడింది అందామా? దాని నీడ పడిన ప్రతి షాపూ మూతపడింది. ఒక్క ఎత్తైన భవనం చెడితే అది ఒక్కటే చెడదు, దాని ఎత్తు మేరకు చుట్టూ ఉన్నవాళ్ళ బతుకు కూడా ఆగిపోతుంది. 2012లో దాన్ని పైనుంచి ఒక్కో అంతస్తూ కోసుకుంటూ దింపేశారు.

రెండోది ఫోర్సైత్ బార్ బిల్డింగ్, 18 అంతస్తులు. దాని అస్థిపంజరం బాగానే ఉంది. కానీ మెట్లు కూలిపోయాయి. భవనం ఊగినప్పుడు పై అంతస్తు, కింది అంతస్తు ఒకేలా కదలవు కదా, మెట్లు ఆ తేడాకు జారడానికి అంచు దగ్గర చాలినంత ఖాళీ, ఆసరా ఉండాలి. అవి చాల్లేదు. లోపలున్నవాళ్ళు పైనే చిక్కుకుపోయారు. క్రేన్లతో, తాళ్ళతో దించారు. ఊహించండి, భవనం బాగుంది, మీరు బాగున్నారు, దిగడానికి దారి లేదు, కింద ఊరు దుమ్ములో ఉంది, ఇంకా అదురుతూనే ఉంది. దాన్ని మాత్రం కూల్చలేదు, బాగుచేసి 2017లో హోటల్‌గా తెరిచారు.

ఇక కూల్చడం. 2012 ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున రేడియో నెట్‌వర్క్ హౌస్ అనే 14 అంతస్తుల భవనాన్ని పేలుడు పదార్థాలు పెట్టి పడగొట్టారు. జనం దూరంగా నిలబడి చూశారు, నేనూ వాళ్ళలో ఉన్నాను. కొద్ది సెకన్లలో అయిపోయింది. నా పక్కన ఒక ముసలాయన తన మొదటి ఉద్యోగం ఆ వీధిలోనే అన్నాడు, ఇంకేం మాట్లాడలేదు. ఆ తర్వాత నెలల తరబడి పొడవాటి చేతుల ఎక్స్‌కవేటర్లు, కాంక్రీటు కొరుకుతున్న చప్పుడు, గాల్లో దుమ్ము.

ఇప్పుడు నేను ముఖ్యమనుకునే విషయం చెబుతాను, మంచినీళ్ళు తాగి.

మీరు ఊహించుకోండి. బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, వన్ టౌన్ కాళేశ్వరరావు మార్కెట్ దాకా, మొత్తం చుట్టూ కంచె వేశారు. సైన్యం కాపలా. మీ షాపులో సరుకు ఉంది, మీ లెక్కల పుస్తకాలు ఉన్నాయి, మీరు వెళ్ళడానికి లేదు. ఎన్నాళ్ళు? క్రైస్ట్‌చర్చ్‌లో ఆ కంచె కొంచెం కొంచెం కుదించుకుంటూ వచ్చి, పూర్తిగా తీసింది 2013 జూన్ 30న. 28 నెలలు! ప్రమాదం ఉంది కాబట్టే వేశారు, దాన్ని కాదనను. కానీ 28 నెలలు వ్యాపారి ఖాళీగా కూర్చుంటాడా? ఊరికి పడమటి పక్కకి, ఎయిర్‌పోర్టు వైపుకి, ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళిపోయారు. లాయర్లు, ఆడిటర్లు, డాక్టర్లు, అందరూ. వెళ్ళినవాళ్ళు ఏళ్ళ తరబడి అద్దె ఒప్పందాలు రాసుకున్నారు. అక్కడ పార్కింగ్ ఉంది, ఒక్కంతస్తు ఆఫీసు ఉంది, పైకెక్కే భయం లేదు. వాళ్ళ కాళ్ళు అటు అలవాటు పడ్డాయి. నగర కేంద్రం అంటే భవనాలా, ఈ కాళ్ళ అలవాటా? నన్నడిగితే అలవాటే. అది చెదిరిపోతే తిరిగి తేవడం సిమెంటుతో అయ్యే పని కాదు.

ఊరివాళ్ళు మాత్రం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2011 మేలో కార్పొరేషన్ వాళ్ళు మీ ఊరు ఎలా ఉండాలో మీరే చెప్పండి అని అడిగితే కొద్ది వారాల్లో లక్షకు పైగా సూచనలు వచ్చాయి. నాలుగు లక్షల మంది కూడా లేని ఊళ్ళో! చీటీల మీద రాశారు, పిల్లలు బొమ్మ ఇటుకలతో కట్టి చూపించారు. అందులో ఎక్కువమంది అన్నదేమిటి? చెట్లు కావాలి, నది ఒడ్డున నడవాలి, సైకిల్ దారి కావాలి, భవనాలు తక్కువ ఎత్తులో ఉండాలి, భద్రంగా ఉండాలి. ఆ సూచనలతో కార్పొరేషన్ ఒక ప్లాన్ తయారు చేసి ఆ ఏడాది చివర ప్రభుత్వానికి ఇచ్చింది.

తర్వాత కేంద్ర ప్రభుత్వం పగ్గాలు తీసుకుంది. దానికోసం ప్రత్యేక చట్టం, ప్రత్యేక సంస్థ అప్పటికే ఉన్నాయి. 2012లో నగర కేంద్రం కోసమే ఒక విభాగం పెట్టి, వంద రోజుల్లో బ్లూప్రింట్ గీయమన్నారు. 2012 జులై 30న విడుదలయింది. అందులో జనం అడిగినవి చాలా ఉన్నాయి, అబద్ధం చెప్పకూడదు. నది ఒడ్డు పార్కు వచ్చింది. దాని పక్కన పిల్లల ఆటస్థలం 2015లో తెరిచారు, ఎంత బాగుంటుందో, మా పాపను అక్కడినుంచి ఇంటికి లాక్కురావడం కష్టమయ్యేది. కానీ దాంతోపాటు పెద్ద పెద్ద ప్రాజెక్టులు పెట్టుకున్నారు, కన్వెన్షన్ సెంటరు, స్టేడియం, ఈత కొలనుల భవనం, లైబ్రరీ, కోర్టులూ పోలీసులూ ఒకే చోట, ఇలా. వాటికోసం, చుట్టూ ఫ్రేమ్ అని పిలిచే ఖాళీ పట్టీ కోసం ప్రైవేటు స్థలాలు సేకరించారు. ఊరు కుదించుకుపోయింది కాబట్టి అమ్మకానికున్న స్థలం కూడా కుదిస్తే నడిమధ్య ధరలు నిలబడతాయన్నది అందులో ఒక లెక్క.

ఇక్కడ నేను గట్టిగానే చెబుతాను. గీత గీయడానికి వంద రోజులు పెట్టారు, కట్టడానికి ఎన్నేళ్ళు పట్టింది? లైబ్రరీ 2018 అక్టోబర్. కన్వెన్షన్ సెంటరు 2021 డిసెంబర్. స్టేడియం కట్టే ఒప్పందం 2022లో గానీ తేలలేదు. ఈ పెద్దవి వస్తాయి, వాటి పక్కన మనం కడదాం అని చిన్నవాళ్ళు ఆగారు. పెద్దవి ఆలస్యమయ్యేకొద్దీ చిన్నవాళ్ళ డబ్బు, ఓపిక అయిపోయాయి. తూర్పు ఫ్రేమ్‌లో తొమ్మిది వందల దాకా ఇళ్ళు అన్నారు, అవి ఏళ్ళకేళ్ళు నత్తనడకన నడిచాయి. మనుషులు నివసించని నడిబొడ్డులో సాయంత్రం ఆరు దాటితే ఎవరుంటారు? కెథడ్రల్ సంగతి ఇంకా బాధ. పడగొట్టాలా, బాగుచెయ్యాలా అని కోర్టులు, వాదనలు, 2017లో బాగుచెయ్యాలని నిర్ణయం, మొదలుపెట్టారు, డబ్బు చాలక 2024లో ఆపేశారు. ఊరి గుండెకాయ ఇంకా కంచె వెనకే ఉంది.

ఎత్తు సంగతి అడుగుతారని తెలుసు, ఇందాక ఎవరో బిల్డరు గారు టీ దగ్గర అడిగారు కూడా. బ్లూప్రింట్‌లో నడిమధ్య భవనాలకు 28 మీటర్ల పరిమితి పెట్టారు. సుమారు ఏడంతస్తులు. అంతకుముందు దానికి మూడింతల ఎత్తు కట్టిన ఊరు! భయం వల్లనా? భయం కూడా ఉంది, మేం పైకి ఎక్కం అని జనం చెప్పేశారు. కానీ ఇంకో కారణం ఉంది, అది నాకు చాలా నచ్చింది. ఊళ్ళో ఆఫీసులు అద్దెకు తీసుకునేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. రెండు ముప్పై అంతస్తుల టవర్లు కడితే వాళ్ళందరూ వాటిలో సర్దుకుంటారు. మరి పక్కన ఖాళీ అయిన వందల స్థలాలు? గులకరాళ్ళు పోసిన పార్కింగులుగా మిగిలిపోతాయి. అదే జనాన్ని ఏడంతస్తుల చొప్పున పరిస్తే వీధి వీధంతా నిండుతుంది, కింద షాపులు బతుకుతాయి. పైగా ఆ ఊరు చలి ఊరు, చలికాలంలో రోడ్డు మీద ఎండ పడటం అక్కడివాళ్ళకు వరం. మెత్తటి నేలలో ఎత్తు పెరిగేకొద్దీ పునాది ఖర్చూ పెరుగుతుంది. ఇటీవల ఎత్తు మళ్ళీ పెంచుదామని చర్చ జరిగింది, ఊరు నిండుతోంది కాబట్టి ఆ చర్చ రావడమూ మంచిదే. కానీ ఆరోజుకి 28 మీటర్లు సరైన నిర్ణయమని నా నమ్మకం. గుర్తు కోసం టవర్ కడదామనే ఊళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. పీల్చుకునే జనం ఉన్నారా, లేక ఉన్న జనాన్ని పక్కనుంచి లాగుతున్నామా?

అయితే ఆ మధ్య కాలంలో ఊరిని బతికించింది ఎవరు? చిన్నవాళ్ళు. 2011 అక్టోబర్ చివర్లో, భూకంపం వచ్చి ఎనిమిది నెలలకే, కాషెల్ స్ట్రీట్‌లో ఓడల కంటెయినర్లకు రంగులు వేసి, అద్దాలు పెట్టి, వాటిలో షాపులు తెరిచారు. రీస్టార్ట్ అని పేరు. పక్కన ఎప్పటినుంచో ఉన్న బాలంటైన్స్ అనే పెద్ద దుకాణం కూడా అప్పుడే తలుపులు తీసింది. చుట్టూ ఇంకా కంచె, ఇంకా శిథిలాలు, మధ్యలో ఇరవై ఏడు షాపులు, కాఫీ వాసన. తాత్కాలికం అన్నది 2018 దాకా నడిచింది. గ్యాప్ ఫిల్లర్ అనే బృందం ఖాళీ స్థలాల్లో ఏవేవో పెట్టేది. పాత బట్టలుతికే మెషీన్ ఒకటి తెచ్చి, కాసు వేస్తే స్పీకర్లు, లైట్లు వెలిగేలా చేసి, చెక్క నేల పరిచారు. మీ ఫోను తగిలించి డాన్సు చెయ్యండి, అంతే. రాత్రి పదింటికి, చుట్టూ చీకటి, కూల్చేసిన వీధి మధ్యలో కుర్రాళ్ళు ఎగురుతుంటే చూశాను. జపాన్ ఆర్కిటెక్టు షిగెరు బాన్ అట్ట గొట్టాలతో కెథడ్రల్ కట్టిపెట్టాడు, 2013లో తెరిచారు, ఇప్పటికీ ఉంది. బ్లూప్రింట్ ఖర్చుతో పోలిస్తే వీటికి అయింది చాలా తక్కువ. కానీ జనం కాళ్ళ అలవాటు పూర్తిగా చెదిరిపోకుండా పట్టి ఉంచింది ఇవే.

ఇప్పుడు ఇంజనీర్ల ముచ్చట. విసుగొస్తే కాస్త ఓర్చుకోండి, ఎక్కువసేపు కాదు.

మర్నాడు తాళం తీయగలిగే భవనం కట్టొచ్చా? కట్టొచ్చు. ఊళ్ళో ఎత్తైనది పసిఫిక్ టవర్, 86 మీటర్లు, 2010లో పూర్తయింది. అది స్టీలు భవనం. ఇంట్లో కరెంటు ఎక్కువైతే ఏమవుతుంది? ఫ్యూజు పోతుంది, ఇల్లు మిగులుతుంది. ఆ టవర్లో అలాంటి ఫ్యూజుల్లాంటి స్టీలు ముక్కలు ఉన్నాయి, వంగాల్సివస్తే అవే వంగుతాయి. భూకంపంలో ఒక ముక్క విరిగింది. దాన్ని కోసి తీసి కొత్తది పెట్టారు. 2013లో మళ్ళీ తెరిచారు. పక్కనే అంతంత కాంక్రీటు టవర్లు చెత్తకుప్పకు పోయాయి, ఇది నిలబడింది. ఇది చూశాక ఊళ్ళో కొత్తవి ఎక్కువగా స్టీలుతో కట్టడం మొదలుపెట్టారు. కొత్త లైబ్రరీ, తురంగ అని పేరు, దాని గోడలు భూకంపం వస్తే కాస్త ఊగుతాయి, లోపల బిగించి లాగిన కేబుళ్ళు మళ్ళీ నిలువుగా తెచ్చి నిలబెడతాయి.

ఇంకో పద్ధతి బేస్ ఐసొలేషన్. భవనం కింద రబ్బరు, స్టీలు పొరలు, మధ్యలో సీసం దిమ్మ ఉన్న బేరింగులు పెడతారు. కింద నేల ఊగుతుంది, పైన భవనం నింపాదిగా కదులుతుంది. ఈ సీసం బేరింగు కనిపెట్టింది న్యూజిలాండ్ శాస్త్రవేత్త బిల్ రాబిన్సన్, 1970లలో. క్రైస్ట్‌చర్చ్ ఉమెన్స్ హాస్పిటల్‌ను 2005లో అలా కట్టారు, ఊరు కూలిన రోజున కూడా అక్కడ పని ఆగలేదు. మన దేశంలో లేదనుకుంటున్నారా? 2001 గుజరాత్ భూకంపంలో భుజ్ జిల్లా ఆస్పత్రి కూలింది కదా, దాని స్థానంలో కట్టిన కొత్త ఆస్పత్రి కింద ఉన్నవి ఆ న్యూజిలాండ్ బేరింగులే. అంటే మనకు చేతకానిది కాదు.

ఇక మన ఊరు. ముందు చెప్పిన నేల సంగతి గుర్తుందా? ఇసుక, ఒండ్రు, పైపైనే నీళ్ళు. గట్టిగా ఊపితే అలాంటి నేల కొన్ని క్షణాలు నీళ్ళలా అయిపోతుంది, లిక్విఫాక్షన్ అంటారు. క్రైస్ట్‌చర్చ్‌లో పెరట్లలోంచి, రోడ్ల లోంచి బూడిదరంగు బురద పైకి తన్నింది. లక్షల టన్నులు ఎత్తారు. యూనివర్సిటీ పిల్లలు వేలమంది పారలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి తోడారు. దాదాపు ఎనిమిది వేల ఇళ్ళున్న నేల ఇక ఇళ్ళకు పనికిరాదని ప్రభుత్వమే కొని ఖాళీ చేయించింది. మనం కృష్ణ ఒడ్డున ఉన్నాం. మనది క్రైస్ట్‌చర్చ్ అంత భూకంపాల చోటు కాదు, ఊరికే భయపెట్టను. కానీ 1967లో ఒంగోలు దగ్గర, 1969లో భద్రాచలం దగ్గర వచ్చాయి. 2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 వస్తే ఈ హాల్లో సగం మంది వీధిలోకి పరిగెత్తి ఉంటారు. అవునా?

అహ్మదాబాద్ సంగతి కూడా చూడండి. 2001లో భూకంప కేంద్రం అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైన ఉంది. అయినా అక్కడ అపార్ట్‌మెంట్లు కూలాయి. ఎలాంటివి? కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా వదిలేసి, పైన గోడలతో బరువుగా కట్టినవి చాలా ఉన్నాయి వాటిలో. పైన పెట్టె గట్టిగా ఉంటుంది, కింద సన్నటి కాళ్ళు, ఊపు మొత్తం ఆ కాళ్ళ మీదే. మన ఊళ్ళో మీరు ఉంటున్న అపార్ట్‌మెంట్ కింద ఏముంది? కార్లే కదా. ఫ్లాటు కొనేటప్పుడు వాస్తు అడుగుతాం, గ్రానైట్ అడుగుతాం, నీళ్ళు అడుగుతాం. కింద పార్కింగ్ పిల్లర్లను ప్రత్యేకంగా డిజైన్ చేశారా, మట్టి పరీక్ష రిపోర్టు చూపిస్తారా అని ఎంతమందిమి అడిగాం? అడగండి. అడిగితే చూపించాలి.

చివర్లో ఎవరో అమ్మాయి అడిగింది, సార్, మీరు అక్కడ ఇప్పుడు పైఅంతస్తులో పనిచేస్తారా, భయం వెయ్యదా అని. చేస్తానమ్మా, అయిదో అంతస్తులో. భయం ఉంటుంది. 2016 నవంబర్ 14 అర్ధరాత్రి దాటగానే కైకౌరా దగ్గర 7.8 వచ్చింది. మా ఇల్లు చాలాసేపు ఊగుతూనే ఉంది, పాపను ఎత్తుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాం. దూరంగా రాజధాని వెల్లింగ్టన్‌లో, 2005లో కట్టిన ఒక ప్రభుత్వ ఆఫీసులో స్లాబులు కొంతమేర కిందపడ్డాయి. అర్ధరాత్రి కాబట్టి లోపల ఎవరూ లేరు, పగలైతే ఏమయ్యేదో నేను తలుచుకోలేను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్ళాను. మా బిల్డింగ్ చుట్టూ ఒకసారి తిరిగి, బేస్‌మెంట్‌లోకి దిగి టార్చిలైటు వేసి, కదలాల్సిన చోట్లన్నీ చూశాను. గీతలు కూడా పడలేదు. పైకి వచ్చేసరికి కింద కాఫీ షాపు ఆవిడ బయట కుర్చీలు వేస్తోంది. తెరుస్తున్నారా అని అడిగాను. ఎందుకు తెరవను, అంది.